పళ్లెం రాని శుక్రవారం

నా చెయ్యి రోజులో కొన్ని గంటలే నా మాట వింటుంది. ఆ గంటల్లోనే ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించండి. మాటలు కటువుగా ఉంటే మాత్రం క్షమించనక్కర్లేదు, అవి నేను కావాలని రాస్తున్నవే.

శంషాబాదులో చిన్న తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఎక్కాలు చెప్పించి, గొంతు పెంచుకున్న టీచరమ్మను. మా ఆయన దానియేలు పెళ్లయిన కొత్తలోనే "నీ నోటికి తాళం చెవి ఎక్కడ దొరుకుతదే సుగుణా" అని అడిగేవాడు. అలాంటి నన్ను నాలుగు రోజుల పాటు నోరు లేనిదాన్ని చేశారు. చేసినవాళ్లు దొంగలు కారు, దుర్మార్గులు కారు. పొద్దున లేస్తే ప్రార్థన చేసుకునే మంచివాళ్లు. అందుకే నాకు ఇంత కోపం. దుర్మార్గులైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా తమ అమ్మనో నాన్ననో ఎక్కడైనా చేర్చాలని చూస్తుంటే, గది ఎలా ఉంది, కూర ఎలా ఉంది అని తర్వాత అడగండి. ముందు, "మావాళ్ల మందులు ఎవరి దగ్గర ఉంటాయి, ఈ పూట ఎవరు వేస్తారు" అని అడగండి. మేము అడగలేదు.

జూన్, తొంభై ఏడు

నాది వణుకుడు రోగం. డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. పేరు ఏదైతేనేం, వణుకు దానిలో చిన్న భాగమే. అసలు బాధ బిగుసుకుపోవడం. కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. కుర్చీలోంచి లేవాలని మనసు ఎంత చెప్పినా ఒళ్లు వినదు. ముఖం కూడా బిగుస్తుంది. లోపల ఏడుస్తున్నా, తిట్టిపోస్తున్నా, బయటికి ఏమీ తెలియదు. గొంతు సన్నబడి మాట పెదాల దగ్గరే ఆగిపోతుంది.

దీనికి ఒక చిన్న మాత్ర ఉంది. వేళకు వేసుకుంటే కాసేపటికి ఒళ్లు విప్పుకుంటుంది. లేస్తాను, నడుస్తాను, కూర తాలింపు పెడతాను, దానియేలుతో పోట్లాడతాను. దాని బలం తగ్గే వేళకు ఇంకోటి వేసుకోవాలి. తిండికి ముందే వేసుకోవాలి, పప్పన్నం తిన్నాక వేసుకుంటే సరిగా పట్టదు. ఇంట్లో ఆయన గడియారం చూసుకుంటూ మంచినీళ్ల గ్లాసుతో సహా తెచ్చి ఇచ్చేవాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ముందు నా మాత్ర.

ఆ జూన్‌లో ఆయనకే హెర్నియా ఆపరేషన్ తప్పదన్నారు. ఆపరేషన్ తర్వాత చాలా రోజులు బరువు ఎత్తకూడదట. ఇంట్లో బరువు అంటే నేనే కదా! పొద్దున నన్ను మంచం మీద నుంచి లేపేది ఆయనే. మా ఒక్కగానొక్క బిడ్డ సునీత రాజేంద్రనగర్‌లో ఉంటుంది, అప్పటికి నిండు చూలాలు.

"నేను చూస్కుంట అమ్మను, యాడికీ పంపొద్దు" అని సునీత మొండికేసింది.

"నువ్వే ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నవ్, నువ్వేం లేపుతవ్ ఆమెను?" అన్నాడు దానియేలు.

"మరి పరాయోళ్లల్ల పడేస్తరా?"

"పడేసుడు ఏంది బిడ్డా, నెల్రోజులు. మనోళ్లే. ప్రార్థన చేసుకునేటోళ్లు."

మా శంషాబాదు అవతల పాల్మాకుల ఊరు దాటాక రోడ్డుకు లోపలగా ఒక ఆశ్రమం ఉండేది. ముసలివాళ్లను, మంచాన పడ్డవాళ్లను చూసుకునే చోటు. పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క చోటే తప్పు జరిగిందని మీరు అనుకుంటారు. దాన్ని నడిపేది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పాస్టర్ గారు. మా సంఘంలో ఆయనంటే అందరికీ గౌరవం. మాకూ ఉండేది. సునీత ఏడ్చింది, దానియేలు అరిచాడు, చివరికి నేనే "పోతా" అన్నాను. ఆ పోట్లాటను వినలేక అన్నాను.

జూలై, మంగళవారం

చేరిన రోజు అంతా బాగానే ఉంది. శుభ్రమైన మంచం, ఉతికిన దుప్పటి, కిటికీ పక్కన చోటు. అక్కడి పెద్ద రూతమ్మ గారు నా చెయ్యి పట్టుకుని "అక్కా, ఇది మీ ఇల్లే అనుకోండి" అంది. దానియేలు గుడ్డసంచిలో నెలకు సరిపడా మాత్రలు ఆమె చేతికి ఇచ్చి, ఏయే వేళకు వేయాలో రెండుసార్లు చెప్పాడు.

"జర టైముకు వెయ్యాలమ్మా. ఆలస్యమైతే బిగుసుకపోతది."

"మీరు నిశ్చింతగా వెళ్లి ఆపరేషన్ చేయించుకోండి బ్రదర్" అంది ఆమె.

ఆయన వెళ్లిపోయాక ఆమె ఆ సంచిని హాలు మూలన ఉన్న ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం చెవి నడుముకు దోపుకుంది. నా మంచం మీద నుంచి ఆ బీరువా కనిపిస్తూనే ఉండేది.

మధ్యాహ్నపు మాత్ర వేళయింది. అడిగాను. "మా డాక్టరు గారు చూసి సరే అన్నాకే ఇస్తామండి. కొత్తగా వచ్చిన వాళ్లందరికీ అదే రూలు" అంది.

"డాక్టరు ఎప్పుడొస్తడు?"

"గురువారం."

"అమ్మా, ఇయ్యాల మంగళారమే. గురువారం దాక నేనేం చెయ్యాలె? అవి నా మాత్రలే, మా డాక్టరు ఇచ్చినవే. ఏండ్ల సంది మింగుతున్న."

"అర్థమైంది అక్కా. కానీ రూలు రూలే కదా. ఒకసారి ఎవరో వాళ్లింటి నుంచి తెచ్చుకున్న మందు వేసుకుని కళ్లు తిరిగి పడిపోయారు. అప్పటినుంచి పాస్టర్ గారు ఇలా పెట్టారు. రెండు రోజులే కదా."

రెండు రోజులే కదా! ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఊపిరి తీసుకోవడం రెండు రోజులే ఆపుకోమన్నట్టు చెప్పింది, అదీ ఎంతో ప్రేమగా.

బుధ, గురువారాలు

బుధవారం పొద్దునకే కాళ్లు పోయాయి. మధ్యాహ్నానికి చేతులు. నన్ను లేపబోయిన ఆయా "ఈమె సహకరిస్తలేదు సిస్టర్, కావాలని బిగపట్టుకుంటుంది" అని కేకేసింది. రూతమ్మ గారు వచ్చి నా తల నిమిరింది. "కొత్తగా వచ్చినవాళ్లు ఇలాగే చేస్తారు. ఇంటి మీద బెంగ. మూడు రోజులకు అలవాటు పడతారు" అని నా ఎదుటే నా గురించి చెప్పింది. నాకు బెంగ లేదు తల్లీ, నాకు మాత్ర లేదు. ఆ మాట అందామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

పక్క మంచం ఎల్లమ్మది. చుట్టుపక్కల ఊళ్లోని రైతు కుటుంబం. బావి దగ్గర జారిపడి కాలు విరిగితే, నాట్ల పని అయ్యేదాకా కొడుకు అక్కడ ఉంచాడు. నుదుట రూపాయంత బొట్టు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక గొణుగుడు. మా ఇద్దరికీ అంతకుముందు ముఖపరిచయం లేదు. నా పెదాలు ఎండిపోవడం చూసి, కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, చెంచాతో నీళ్లు పోసింది. ఒక్కో చుక్క మింగేదాకా ఆగి, ఇంకో చుక్క.

"ఏందే టీచరమ్మా, నిన్ననే గంత మాట్లాడినవ్, ఇయ్యాల మొద్దోలె పడ్డవ్?" అంది. తిట్టినట్టే అంది గానీ, చీర కొంగుతో నా మూతి తుడిచింది.

గురువారం వచ్చింది. డాక్టరు రాలేదు. వాళ్ల బంధువుల పెళ్లట. నేను మంచం మీద కట్టెలా పడి ఉన్నాను, ఆయన పెళ్లి భోజనానికి పోయాడు. పోనీ, పెళ్లికి పోవడం తప్పు కాదు. ఆయన ఒక్కడు రాకపోతే ఒక మనిషి మందు ఆగిపోయే ఏర్పాటు చేసుకున్నారే, అది తప్పు.

సాయంత్రం ఎల్లమ్మ అరిచిన అరుపులకు రూతమ్మ గారు ఆయనకు ఫోన్ చేసింది. ఆయన ఫోన్‌లోనే "వాళ్లు వేసుకునేవే కదా, వేయండి, భోజనం తర్వాత" అన్నాడట. చూశారా, అంత సులువు! ఆ ఒక్క ఫోన్ మంగళవారమే చేసి ఉంటే నేను ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఆ రాత్రి భోజనం పళ్లెంలో, అన్నం పక్కన చిన్న స్టీలు మూతలో నా మాత్ర వచ్చింది. అక్కడ పద్ధతి అది. ఎవరి మాత్రలు వాళ్ల పళ్లెంలో పెట్టేస్తారు, పళ్లెం అందితే మాత్ర అందినట్టే. ఎవరినీ మరిచిపోకుండా రూతమ్మ గారే ఆలోచించి పెట్టిన పద్ధతి. నిజం చెప్పాలంటే తెలివైన పద్ధతే. పప్పన్నం మీద వేసినా ఆ మాత్ర కొంత పని చేసింది. పక్కకు తిరిగి పడుకోగలిగాను. ఇక గండం గడిచిందనుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకుని నిద్రపోయాను.

శుక్రవారం

మా క్రైస్తవ ఇళ్లల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన మామూలే. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా పాటలు, వాక్యం, ప్రార్థన. నేనూ ఎన్నోసార్లు ఉన్నాను. కానీ మా సంఘంలో రోగుల్ని ఉండమనరు. ఆ ఆశ్రమంలో మాత్రం వారం వారం కొత్తగా వచ్చినవాళ్ల కోసం ప్రత్యేకంగా ఉపవాస ప్రార్థన చేసేవారు. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో వాళ్లు కూడా ఉపవాసం ఉంటే మంచిదని పాస్టర్ గారి నమ్మకం. ఆ వారం కొత్తగా వచ్చింది నేనే.

కాబట్టి ఆ రోజు విశ్వాసులకు వంట లేదు. వంట లేదు కాబట్టి పళ్లెం లేదు. పళ్లెం లేదు కాబట్టి మాత్ర లేదు.

నా మందు ఆపమని ఎవరూ అనలేదు. ఎవరూ ఆ మాట అనుకోను కూడా అనుకోలేదు. వంటింట్లో పళ్లేలు కడిగి బోర్లించారు, వాటితో పాటే నా ప్రాణాన్ని బోర్లించారు. అంతే.

నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మోసుకెళ్లి హాల్లో అందరికంటే ముందు పెట్టారు. పక్కకు ఒరిగిపోకుండా దిండ్లు పెట్టారు. పాటలు మొదలయ్యాయి. పాస్టర్ గారు నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించారు. అప్పటికి నాలో రాత్రి మాత్ర బలం మొత్తం అయిపోయింది. మెడ బిగిసింది. రెప్ప వెయ్యడం రాక కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. లోపల నేను పెట్టిన కేకలు మీరు వింటే చెవులు మూసుకునేవాళ్లు. మాత్ర, మాత్ర, మాత్ర! బయటికి ఒక్క అక్షరం రాలేదు.

"అక్క ముఖం చూడండి" అన్నారు పాస్టర్ గారు. "ఎంత శాంతంగా ఉందో చూడండి! కన్నీళ్లతో ప్రార్థిస్తున్నారు. ఆత్మలో ఉన్నారు."

"స్తోత్రం!" అంది హాలంతా.

ఓరి దేవుడా! రోగంతో కొయ్యబారిన ముఖాన్ని శాంతం అన్నారు. రెప్ప పడక కారిన నీళ్లను భక్తి అన్నారు. ఇంతమంది కళ్లు నా మీదే ఉన్నాయి, ఒక్కరికీ నేను కనపడలేదు. పాపం ఆయనది మోసం కాదు, నిజంగానే నమ్మాడు. నమ్మకం నిజమైనంత మాత్రాన నా మెడ కదిలిందా?

మధ్యాహ్నం వెనుక వరండాలో గిన్నెల చప్పుడు వినిపించింది. బొట్టు పెట్టుకునే వాళ్లను ఉపవాసం ఉండమనలేరు కదా, ఎల్లమ్మకు, ఇంకో ఇద్దరికి విడిగా వండారు. వాళ్ల పళ్లేల్లో వాళ్ల మాత్రలు పెట్టారు. ఎల్లమ్మ బీపీ గోలీ వేళకు ఎల్లమ్మకు అందింది. తరతరాలుగా బైబిలు పట్టుకున్న ఇంటి ఆడపడుచుకు అందలేదు!

ఎల్లమ్మ గొంతు వరండాలోంచి నాకు స్పష్టంగా వినబడింది.

"టీచరమ్మ గోలీ ఏదే?"

"ఆమెకు ఉపాసం గదా అవ్వా. పళ్లెం లేదు" అంది వంటామె.

"ఉపాసం కడుపుకా, గోలీకా?"

"నాకేం ఎరుక? పళ్లెం పెట్టమంటె గోలీ పెడ్త."

"నా పళ్లెంల పెట్టు. నేను తీస్కపోయి ఇస్త."

"గట్లెట్ల? బీరువ తాళం సిస్టర్ తాన ఉంది. ఆమె ప్రార్థనల ఉంది. లేపితే ఊకుంటరా?"

ఎల్లమ్మ హాలు గుమ్మం దాకా వచ్చింది. కర్ర చప్పుడు విన్నాను. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. ఎవరో ఆమెను "ష్" అని ఆపి, మెల్లగా వెనక్కి తీసుకెళ్లిపోయారు. నేను మెడ తిప్పి ఆమె వైపు చూడలేకపోయాను.

సాయంత్రం ఉపవాసం విడిచారు. అందరికీ గ్లాసుల్లో గంజి. మళ్లీ మాత్ర రాలేదు. ఎందుకంటారా? అది గ్లాసు కదా, పళ్లెం కాదు! నా నోట్లో పోసిన గంజి మింగుడు పడక చెంపల మీదుగా కారి జాకెట్టు తడిసింది. "అలసిపోయారు అక్క, పడుకోబెట్టండి" అన్నారు. పడుకోబెట్టారు. ఆ రాత్రి ఒళ్లు కాలడం మొదలైంది. చచ్చిపోతానేమో అనే భయం నాకు అప్పుడే పట్టుకుంది. చావంటే కాదు, ఇలా మాట లేకుండా, అందరూ నేను ప్రశాంతంగా ఉన్నానని మెచ్చుకుంటుండగా పోతానేమో అని.

శనివారం

సునీత పొద్దున్నే వచ్చింది, పెద్ద కడుపు పట్టుకుని, గగన్‌పహాడ్ దగ్గర లారీల మధ్య ఇరుక్కున్న బస్సులో నిలబడి. నాకు ఇష్టమని పచ్చి పులుసు తెచ్చింది. నా మంచం దగ్గరికి వచ్చి, నన్ను చూసి, ఆ డబ్బా కింద పడేసింది.

"అమ్మా! ఏందమ్మా గిట్లున్నవ్? ఒళ్లు గిట్ల కాలుతుందేంది?"

పక్క మంచం మీద నుంచి ఎల్లమ్మే చెప్పింది. "గోలీల్లేవు బిడ్డా. అచ్చిన్నాటి సంది ఒకటే ఇచ్చిండ్రు. నిన్న ఉపాసమని అది గూడ లేదు. నేను అరిస్తే నన్ను ఎల్లగొట్టిండ్రు."

సునీత నెమ్మదైన పిల్ల. నా నోరు దానికి రాలేదని నేనే వెక్కిరించేదాన్ని. ఆ పొద్దు దాని గొంతు విని నాకే గర్వం కలిగింది. జ్వరంలో కూడా.

"మా అమ్మ మందులు యాడున్నయి?"

"బీరువాలో భద్రంగా ఉన్నాయమ్మా" అంది రూతమ్మ గారు. "నిన్న ఉపవాసం వల్ల..."

"భద్రంగనా! మందులు భద్రంగున్నయి, మా అమ్మ సస్తుంది! తియ్యి తాళం!"

"కోప్పడకమ్మా. ఇంటివాళ్లు మీ చేతులతో వేస్తే మాకేమీ అభ్యంతరం లేదు. మేము ఇచ్చేటప్పుడే ఈ పద్ధతి."

ఈ మాట మళ్లీ చదవండి. ఇంటివాళ్లు వేస్తే అభ్యంతరం లేదట. మంగళవారం నుంచి అదే మందు, అదే నోరు, అదే బీరువా. మా ఇంటివాళ్లు రాలేకే కదా నన్ను అక్కడ చేర్చింది!

సునీత మాత్రను చెంచాలో నీళ్లతో అరగదీసింది. ఎల్లమ్మ నా తల ఎత్తి పట్టుకుంది. సునీత చుక్క చుక్కగా నా నాలుక మీద వేసింది. సగం కారిపోయింది, ఇంకోటి అరగదీసి మళ్లీ వేసింది. తర్వాత ఆటో మాట్లాడుకుని వెళ్లి శంషాబాదు నుంచి ఒక డాక్టరును వెంటబెట్టుకొచ్చింది. ఆయన నన్ను చూసి, "ఈ మందు ఇలా ఒక్కసారిగా ఆపకూడదమ్మా. జ్వరం అందుకే. ఇంకొక రోజు గడిచి ఉంటే నేను వచ్చి చేసేదేమీ ఉండేది కాదు" అన్నాడు. రూతమ్మ గారు ఆ మాట విని కుర్చీలో కూలబడింది. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు.

మధ్యాహ్నం దాటాక నా వేళ్లు కదిలాయి. తర్వాత పెదాలు. సునీత పొద్దున నుంచీ నిలబడే ఉంది, పాదాలు వాచిపోయి చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. నేను మొదట అన్న మాట "కూసో" అని. అది విని నా బిడ్డ మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చింది.

ఆ తర్వాత

జ్వరం దిగడానికి చాలా రోజులు పట్టింది. కుడికాలు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. ఇప్పుడు మంచి గంటల్లో కూడా దాన్ని ఈడ్చుకునే నడుస్తాను. గొంతూ అంతే, ఒకప్పుడు బడి ఆవరణంతా వినబడేది, ఇప్పుడు ఒక గది దాటదు.

నన్ను అక్కడి నుంచి తీసుకుపోదామంటే ఎక్కడికి? దానియేలు అప్పుడే ఆపరేషన్ బల్ల దిగాడు. ఈ సంగతి ఆయనకు చెప్పొద్దని అనుకున్నాం గానీ, సునీత ముఖం చూసి ఆయన కనిపెట్టేశాడట. "నా చేత్తోనే ఇచ్చిన గదనే ఆ సంచి" అని వార్డులో అందరి ముందూ ఏడ్చాడట. మా అల్లుడు ప్రసాదు ఇంకో రకం. "పోనియ్యండి అత్తమ్మా, దేవుని పనిల ఉన్నోళ్లు, మనం గొడవ చేస్తే సంఘంల మాటొస్తది" అన్నాడు. సునీత అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. సంఘంలో పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే పాట. "మంచి మనసుతోనే చేశారు కదా." మంచి మనసు నాకొద్దు. నా మాత్ర నాకివ్వండి, మనసు మీ దగ్గరే ఉంచుకోండి.

పాస్టర్ గారు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. బాధపడ్డారు, కాదనను. "మీ మందులు ఇక మీ దిండు కిందే ఉంచుకోండి అక్కా. మీ విషయంలో మాత్రం రూలు సడలిస్తున్నాం" అన్నారు. మీ విషయంలో మాత్రం! అంటే నేను గొడవపడే మనిషిని, నాకు కూతురు ఉంది, నా పక్కన ఎల్లమ్మ ఉంది, కాబట్టి. ఏ గొడవా చేయలేనివాడి సంగతేమిటి? ఆయన అది ఆలోచించలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన దిండు కింద సంచి తడుముకుంటూ నేనూ ఆలోచించలేదు.

ఆదివారం

నేను కుర్చీలోంచి మళ్లీ లేవగలిగిన మొదటి ఆదివారం, ఆరాధనలో పాస్టర్ గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు తనకు చేసిన మేలును నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం మా దగ్గర ఆనవాయితీ. బయటి సంఘాల నుంచి కూడా మనుషులు వచ్చారు, హాలు నిండింది. సునీత కూడా వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఆ శుక్రవారం మన సుగుణ అక్క ఈ కుర్చీలోనే కదలకుండా కూర్చున్నారు" అని మొదలుపెట్టారు ఆయన. "మనం ఉపవాసముండి ప్రార్థించాం. ఇవాళ అక్క తన కాళ్ల మీద నిలబడబోతున్నారు!"

"స్తోత్రం!"

నాకు ఒళ్లు మండింది. లేచాను. నా ముందున్న కుర్చీని రెండు చేతులతో పట్టుకున్నాను. హాలు నిశ్శబ్దమైంది, నా సన్నని గొంతు కూడా వినబడేంత.

"దేవునికి స్తోత్రం" అన్నాను.

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"నేను ఈడికొచ్చిన దినం నా గోలీలు గుంజుకుని బీరువల పెట్టిండ్రు."

"స్తోత్రం!" అన్నారు సగంమంది. వినకుండానే, అలవాటుగా.

"శుక్రవారం మీరంత నాకోసం ప్రార్థన చేస్తుంటే, నాకు గోలీ ఇచ్చెటోళ్లు లేక నేను సస్తున్న."

వెనుక నుంచి ఒకరో ఇద్దరో మళ్లీ స్తోత్రం అన్నారు. మిగతావాళ్లు ఆగిపోయారు. పాస్టర్ గారు "అక్కా..." అంటూ ఒక అడుగు ముందుకు వేశారు.

"ఆగండి అయ్యగారూ. సాక్ష్యం చెప్పమన్నది మీరే. నన్ను లేపింది నా బిడ్డ అరగదీసి పోసిన గోలీ. ఆ గోలీని గూడ దేవుడే ఇచ్చిండని నేను నమ్ముత. ఇచ్చినదాన్ని దాచిపెట్టింది మీరు."

అప్పుడు నా చూపు మూలన గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయన మీద పడింది. పెంటయ్య. గగన్‌పహాడ్‌లో ఏదో ఫ్యాక్టరీకి కాపలా ఉండేవాడు, మూర్ఛ వచ్చి పడిపోతున్నాడని ముందు రోజే తెచ్చి చేర్చారు. వెంట వచ్చినవాళ్లు అప్పుడే వెళ్లిపోయారు. ఆయన తెచ్చుకున్న పొట్లం రూతమ్మ గారు తీసుకెళ్లడం నా మంచం మీద నుంచి నేను చూశాను. చూసి, పక్కకు తిరిగి పడుకున్నాను.

"పెంటయ్యా, నిన్నటి సంది గోలీ ఏసుకున్నవా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "లేదమ్మా. గురువారం డాక్టర్ సాబ్ వస్తడంట. గప్పుడిస్తమన్నరు."

హాల్లో ఎవరో, ఏమనాలో తెలియక, మెల్లగా "ఆమెన్" అన్నారు.

"ఆమెన్ అనకుండ్రి!" నా గొంతుకు ఆ పాత బలం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. "ఎవ్వరూ ఆమెన్ అనకుండ్రి. తాళం తియ్యుండ్రి."

పాస్టర్ గారు రూతమ్మ గారి వైపు చూశారు. ఆమె ఆయన వైపు చూడలేదు. నడుముకున్న తాళం చెవి తీసుకుని, అందరి మధ్య నుంచి నడిచి బీరువా దగ్గరికి వెళ్లింది. నా మాత్ర వేళ దాటిపోతోందని నా కాళ్లు చెబుతున్నాయి. పాదాలు నేలకు అతుక్కోవడం మొదలైంది. సునీత నా పైట లాగి "కూసో అమ్మా" అని గుసగుసలాడింది. నేను కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. రూతమ్మ గారు నీళ్ల గ్లాసుతో పెంటయ్య ముందు కూర్చుంది. ఆయన ఆమె చేతిలోని మాత్రను చూసి, నన్ను చూసి, నోట్లో వేసుకుని, నీళ్లు తాగి మింగాడు.

అప్పుడు కూర్చున్నాను.